పాము ఒకటి, ఎలుకలు ఎన్ని?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పర్లాకిమిడి. బజారులో చిన్న జిరాక్సు దుకాణం నడుపుతాను. ఏడాదిన్నరగా మా ఇంట్లో బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ ఒకటి ఉంది. కాగితాలున్నాయి, నమోదు కూడా అయింది. వంటింటి త్రాసులో 900 గ్రాములు తూగుతోంది. దాని తిండి కోసం విశాఖపట్నంలో ఒక దుకాణం నుంచి తెల్ల ఎలుకలు తెస్తాను. గుణుపూర్ బండిలో అట్టపెట్టెలో ఐదారు పెట్టి తెస్తే, ఎండాకాలంలో ఒకటో రెండో దారిలోనే చచ్చిపోతున్నాయి. మిగిలినవాటిని బకెట్లో ఉంచి, పది పన్నెండు రోజులకు ఒకటి చొప్పున బతికుండగానే పాము పెట్టెలో వదులుతాను. ఆ సాయంత్రం వీధి పిల్లలంతా "మూషా, మూషా" అంటూ కిటికీ దగ్గర మూగుతారు. మా బావమరిది వీడియో తీస్తాడు. పోయినసారి తెచ్చినవాటిలో ఒకదాన్ని పాము ముట్టలేదు. పదిహేను రోజులుగా అది బకెట్లోనే ఉంది. ఏడేళ్ళ మా అమ్మాయి దానికి ముత్యం అని పేరు పెట్టింది. నాలుగు రోజులుగా దాని పొట్ట పెరుగుతోంది. ఎలుకలను ఇంట్లోనే పెంచితే ఈ ప్రయాణాలు, దారిలో చావులు తప్పుతాయి కదా అనిపిస్తోంది. మా అమ్మ మాత్రం "వినాయకుడి వాహనాన్ని పుట్టించి మరీ పాముకు వేస్తావా" అని నాతో మాట్లాడడం మానేసింది. హింస లేకుండా ఎలుకలను పెంచే పద్ధతి చెప్పగలరా?

సమాధానం: ముందు ముత్యం సంగతి చూద్దాం, మిగతావి తరువాత. అది చూలుతో ఉంది. ఆడ మగ కలిపి కుక్కిన దుకాణం బోనులోనే కట్టి ఉంటుంది. ఎలుక 21 నుంచి 23 రోజులు మోస్తుంది. మీ ఇంటికి వచ్చి పదిహేను రోజులైందంటే, ఎక్కువలో ఎక్కువ వారం రోజులు. ఈ జవాబు మీ కంట పడేసరికి ఈని కూడా ఉండవచ్చు. బకెట్లోంచి దాన్ని ఈ రోజే తీయండి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న బోను సంపాదించండి. అడుగు భాగం మాత్రం గట్టిగా, చదునుగా ఉండాలి. తీగల మీద నడిస్తే పాదాలు పుళ్ళు పడతాయి. పక్కల తీగల సందుల్లోంచి చిటికెన వేలు కూడా దూరకూడదు. ఒక మూల పగిలిన మట్టికుండ బోర్లించి, నోటి దగ్గర దారి వదలండి. పాత కాగితాలు చించి బోనులో వేయండి చాలు, గూడు అదే అల్లుకుంటుంది. జిరాక్సు దుకాణం మీదే కాబట్టి కాగితాలకు కరువుండదు. కాకపోతే సిరా నల్లగా పట్టినవి వద్దు.

ఈనిన మూడు నాలుగు రోజులు ఎవరూ మూత తీయకూడదు, గూడు కదపకూడదు. బెదిరిన తల్లి పిల్లలను తినేస్తుంది. దాన్ని రాక్షసి అనుకోకండి. తన గూడు పిల్లలకు క్షేమం కాదని దానికి తోచినప్పుడు చేసే పని అది. పాము ఉన్న గదిలో బోను పెడితే ఆ వాసనకే బెదురుతుంది. కాబట్టి ఎలుకలు ఒక గదిలో, పాము మరో గదిలో. మధ్యలో మీ చేతులు సబ్బుతో కడగాలి. ఇది పాము కోసం కూడా. ఎలుక వాసన ఉన్న చేయి దాని ముందుకు వస్తే ఆ చేతినే ఎలుక అనుకుంటుంది, తప్పు దానిది కాదు.

ఇక అసలు ప్రశ్న. "హింస లేకుండా" అన్న మాటను ముందు కొట్టేయండి, బాబూ. ఒక కళాశాల జంతుశాలలో ఏళ్ళ తరబడి ఎలుకలకు తిండి పెట్టి, బోనులు కడిగి, అవసరం పడ్డప్పుడు నా చేతులతోనే చంపినదాన్ని నేను. ఆ చావుకు మెత్తని పేరు పెట్టుకోవడం ఎప్పుడూ నా వల్ల కాలేదు. పాము బతకాలంటే ఎలుక చావాలి. ఆ చావు ఎలా రావాలన్నది మీ చేతిలో ఉంది. అంతకన్నా ముందు, అసలు ఎన్ని ఎలుకలు పుట్టాలన్నది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. ఇళ్ళల్లో ఎలుకలు పెంచేవాళ్ళు తప్పటడుగు వేసేది ఈ రెండో చోటే.

లెక్క వేద్దాం. 900 గ్రాముల బాల్ పైథాన్‌కు పూటకు 60 నుంచి 80 గ్రాముల ఎలుక ఒకటి చాలు. దాని ఒంటిలో అన్నిటికన్నా లావైన చోటును మించి ఎలుక లావుండకూడదని ఒక కొండగుర్తు. పన్నెండు రోజులకు ఒకటి వేస్తే ఏడాదికి 30. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలిపోయిన రోజుల్లో ఇది తినదు. ముత్యం బతికిపోయింది బహుశా అందుకే. చలికాలంలో నెల, రెండు నెలలు నోరు కట్టుకుని కూర్చోవడం కూడా ఈ జాతికి మామూలే. కాబట్టి పాతిక అనుకోండి.

ఇప్పుడు రెండో వైపు. ఆడ ఎలుక ఈనిన ఒక్క రోజులోపే మళ్ళీ ఎదకు వస్తుంది. మగది పక్కనే ఉంటే, ఒక ఈత పాలు తాగుతుండగానే కడుపులో ఇంకో ఈత పెరుగుతుంది. ఈతకు ఎనిమిది నుంచి పన్నెండు పిల్లలు. ఒక్క జంటను కలిపి వదిలేస్తే ఏడాదిలో 80, 100 దాకా పుడతాయి. వాటిలో ఆడవి ఐదారు వారాలకే ఎదకు వస్తాయి. అప్పటికి ఎవరూ విడదీయకపోతే తోబుట్టువులతోనే కడతాయి. మీ పాము తినేది పాతిక. మిగిలినవాటిని ఏం చేస్తారు? నేను చూసిన ఇళ్ళల్లో కొందరు అమ్ముకున్నారు, కొందరు పంచిపెట్టారు. ఒకాయన "పుణ్యం" అని చెప్పి చెరువు గట్టున వదిలేశాడు. బోనులో పుట్టిన తెల్ల ఎలుకకు గద్ద అంటే తెలియదు, పిల్లి అంటే తెలియదు, నీళ్ళు సీసాలోంచి కాక నేల మీద కూడా దొరుకుతాయని తెలియదు. దానికి ఆ గట్టు మీద ఒక్క పూట కూడా గడిచి ఉండదు. ఆ పుణ్యం కన్నా మీ పామే నయం.

అందుకని నా మొదటి సలహా, మీకు నచ్చకపోవచ్చు: ఒక్క పాముకోసం ఎలుకల పెంపకం పెట్టుకోకుండా ఉండగలిగితే ఉండండి. శ్రీకాకుళం, బరంపురం, విశాఖపట్నం వైపు మీలాగే చట్టబద్ధంగా పాములు పెంచుతూ, ఎలుకలను శుభ్రంగా పెంచి, చంపి, గడ్డకట్టించి ఉంచుకునేవాళ్ళు ఎవరైనా దొరికితే, మూడు నెలలకు సరిపడా ఎనిమిదింటిని ఐసు పెట్టెలో తెచ్చుకోండి. చచ్చిన ఎలుకకు రైలు ప్రయాణంలో బాధ లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కరి ఇంట్లోనే పెంచితే ఈతలు వృథా పోవు. కోడి మాంసం ముక్కలతో సరిపెట్టవచ్చా అని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. సరిపోదు. పాముకు కావలసిన సున్నం ఎముకల్లో ఉంది, మిగతా సత్తువ కాలేయంలో, పేగుల్లో ఉంది. అది జంతువును మొత్తంగా మింగేది అందుకే.

అలాంటివాళ్ళెవరూ దొరకకపోతే పెంచండి, కానీ చిన్నగా. ముత్యానికి పుట్టే పిల్లల్లోంచి రెండు ఆడవాటిని ఉంచుకోండి. అక్కచెల్లెళ్ళు ఒకే బోనులో హాయిగా ఉంటాయి. ఒంటరిగా ఉంచిన ఎలుక దిగాలుపడి, మందగించిపోతుంది. అది గుంపులో బతికే జంతువు. మగవాటిని వేరే చోటి నుంచి తేవాలి, వీటి తోబుట్టువులు పనికిరావు. మగవీ రెండు ఉండాలి, తోడుకోసం. చుంచుల్లో మగవి కొట్టుకుంటాయి గానీ, ఎలుకల్లో కలిసి పెరిగిన అన్నదమ్ములు సర్దుకుపోతాయి. ఆడవాటికి నాలుగు నెలలు నిండాక ఒకదాన్ని మగదాని దగ్గర పది రోజులు ఉంచండి. ఆడ ఎలుక నాలుగైదు రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది కాబట్టి ఆ పది రోజుల్లో రెండు అవకాశాలు వస్తాయి. తరువాత తెచ్చేయండి. ఈనేటప్పుడు మగది దరిదాపుల్లో ఉండకూడదు. ఒక్కో ఆడదానికి ఏడాదికి రెండు ఈతలు, మూడో ఈత వద్దు. రెండింటికి కలిపి నాలుగు ఈతలంటే ముప్పై పైచిలుకు పిల్లలు. మీ పాముకు అవి సరిపోతాయి, ఒకటో అరో చనిపోయినా లోటుండదు. ఏడాదిన్నర దాటిన తల్లులతో ఇక ఈనించకండి. వాటిని పాముకు వేయకండి కూడా. ఎలుక బతికేదే రెండు, మూడేళ్ళు. ఆ మిగిలిన కాలం కుండ కింద పడుకుని తిననివ్వండి. ఇంత చాకిరీ చేసినదానికి ఆ మాత్రం పింఛను ఇవ్వకపోతే ఎలా?

తిండి పెద్ద విషయం కాదు. ప్రయోగశాలల ఎలుకలకు తయారుచేసే గుళికలు దొరికితే అవే మేలు. లేకపోతే నూకలు, రాగులు, విరిచిన శనగలు, కొద్దిగా వేరుశనగ, రోజుకొక కూరగాయ ముక్క. పెద్ద ఎలుక రోజుకు 15 నుంచి 20 గ్రాములు తింటుంది. పాలిచ్చే తల్లికి ఉడికిన గుడ్డులో సగం రోజూ పెట్టండి. బూజు వాసన ఉన్న వేరుశనగ మాత్రం ఒక్క గింజ కూడా వద్దు. ఎలుక వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిన విషం లోపలే ఉంటుంది, తరువాత పాములోకి పోతుంది. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడానికి జామకొమ్మ వేయండి.

బోనులో పరుపుగా రంపపు పొట్టు, వరి ఊక వాడవద్దు. ఆ ధూళి వాటి ఊపిరితిత్తులకు పడదు. ఎండలో బాగా ఆరిన వరిగడ్డిని చిన్నగా నరికి వేయండి, మీ వైపు దానికి కొదవ లేదు కదా. ఎన్నాళ్ళకు మార్చాలి అని క్యాలెండరు చూడకండి. మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు బోను ఎత్తుకు దించి పీల్చండి. మీ ముక్కు మండితే, రాత్రింబవళ్ళు అందులోనే ఉన్న ఎలుక సంగతి వేరే చెప్పాలా? ఉచ్చలోంచి వచ్చే అమ్మోనియా వల్లనే ఎలుకల్లో దగ్గు ముదురుతుంది. ఊపిరిలో చిన్న టిక్ టిక్ శబ్దం వినిపించినా, కళ్ళ చుట్టూ ముక్కు దగ్గర ఎర్రగా చార కనిపించినా దానికి ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ ఎరుపు రక్తం కాదు, కంటి వెనుక గ్రంథి నుంచి వచ్చే ద్రవం. జబ్బు చేసినదాన్నీ, మందులు మింగినదాన్నీ పాముకు పెట్టకూడదు.

వేసవి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అందులో నా తప్పు ఒకటి ఉంది. ఎలుకకు చెమట పట్టదు, కుక్కలా రొప్పదు. తోక ద్వారా కొంత వేడిని వదులుతుంది. అది చాలనప్పుడు ఉమ్మి ఒంటికి పూసుకుంటుంది. 20 నుంచి 26 డిగ్రీలు దానికి సుఖం, 30 దాటితే కష్టం. నేను పనిచేసిన చోట ఒక మే నెల ఆదివారం కరెంటు పోయింది. కాపలాదారు తాళం వేసుకుని వెళ్ళాడు, నేను రాలేదు, రావలసిన వంతు నాది. సోమవారం పొద్దున తలుపు తీస్తే కిటికీ వైపు రెండు వరుసల బోనుల్లో ఎలుకలన్నీ నాలుగు కాళ్ళూ చాపి, పొట్టలు నేలకు ఆనించి పడి ఉన్నాయి. గడ్డాల కింద, రొమ్ముల మీద వెంట్రుకలు తడిసి అట్టకట్టి ఉన్నాయి. నీటి సీసాలు నిండుగానే ఉన్నాయి. అప్పటి నుంచి ఎండాకాలం ఎలుకలు పెంచుతానన్నవాళ్ళకు మొదట అడిగేది ఇదే: మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరుంటారు?

మహేంద్రతనయ నది పక్కన ఉన్న ఊరు కాబట్టి మీ దగ్గర ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది. రేకుల కప్పు కింద, మేడ మీద గదిలో బోనులు వద్దు. నేల మీద, గాలి ఆడే చోట, ఉత్తరం వైపు వసారాలో పెట్టండి. గడ్డకట్టిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి బోనులో ఒక పక్క ఉంచితే అవే వచ్చి దాన్ని ఆనుకుని పడుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈతలు పెట్టుకోకండి. నవంబరు, ఫిబ్రవరి మధ్యలో రెండు, వర్షాలు పడ్డాక రెండు పెట్టుకుంటే తల్లికీ పిల్లలకూ సుఖం.

ఇప్పుడు ఎవరికీ రాయడం ఇష్టం లేని భాగం. పిల్లలు మూడు వారాలు తల్లి దగ్గర పాలు తాగాలి. అంతకుముందు తీయవద్దు. తరువాత వారం, పది రోజులు తోబుట్టువులతో ఆడుకుని, సొంతంగా తిని, 60, 80 గ్రాములకు వస్తాయి. ఐదో వారం దాటనివ్వకుండా అన్నిటినీ ఒకే సాయంత్రం చంపాలి. ఒక్కొక్కటిగా నెలల పాటు ఉంచితే పెద్దవైపోతాయి, మళ్ళీ కడతాయి.

చేయకూడనివి ముందు చెబుతాను. బతికున్న పిల్లలను డీప్ ఫ్రీజర్లో పెట్టకండి. చలికి మత్తుగా నిద్రపోతాయని అంటారు గానీ అది చంపేవాళ్ళు తమకు తాము చెప్పుకునే మాట. నీళ్ళలో ముంచకండి. వెనిగర్‌లో వంటసోడా కలిపి కార్బన్ డయాక్సైడ్ గాలి పుట్టించే చిట్కాలు వీడియోల్లో చూసి ఉంటారు. అందులో ఎంత గాలి ఎంత వేగంతో వస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు, ఎలుక ముక్కు మండుతూ పెనుగులాడుతుంది. కళ్ళు తెరవని పసిపిల్లలైతే ఊపిరాడకపోయినా చాలాసేపు తట్టుకుంటాయి. సరైన పరికరంలో స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ పెట్టినా అవి చనిపోవడానికి 35 నిమిషాల దాకా పట్టవచ్చు. పసిగుడ్డులను పాముకు పెట్టే ఆలోచన మానుకోమనడానికి అదొక్కటి చాలు. మీ పాముకు వాటి అవసరం కూడా లేదు.

200 గ్రాముల లోపు ఎలుకకు, నేర్చిన చేతితో మెడ ఎముకను ఒక్క ఊపున విడదీయడం పశువైద్యులు ఒప్పుకునే పద్ధతి. సరిగ్గా చేస్తే క్షణాల్లో స్పృహ పోతుంది. సగం చేస్తే అంతకన్నా ఘోరం లేదు. అందుకే దాన్ని ఇక్కడ అక్షరాల్లో నేర్పను. మీ ఊరి పశువైద్యశాలకు వెళ్ళి, డాక్టరుగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పి, ముందు చచ్చిన ఎలుకల మీద చేయి తిరిగేదాకా నేర్చుకోండి. ఆ రోజు ఎలుకలకు ఎప్పటిలాగే తిండి, నీళ్ళు పెట్టండి. ఒక్కొక్కదాన్ని మెత్తని గుడ్డలో పొదివి, మిగతావాటికి కనిపించని, వినిపించని గదికి తీసుకెళ్ళండి. అయ్యాక ఊపిరి, గుండె చప్పుడు చూడండి. కంటిపాపను పత్తితో తాకినా రెప్ప కదలకూడదు. కాసేపు ఆగి మళ్ళీ చూడండి. అప్పుడే రెండోది. ఇది మీ చేతితో చేయలేనని అనిపిస్తే సిగ్గుపడనక్కరలేదు. కానీ అప్పుడు పెంపకం మొదలుపెట్టకండి.

"పాముకే వదిలేస్తే అదే చూసుకుంటుంది కదా, ప్రకృతి" అంటారు మీ బావమరిది. అడవిలో ఎలుకకు పారిపోయే దారి ఉంటుంది. మీ గాజు పెట్టెలో లేదు. ఆకలి లేని పాము పక్కన రాత్రంతా వదిలిన ఎలుక పామునే కొరుకుతుంది. వెన్ను మీద ఎముక కనిపించేలా గుంటలు పడ్డ పామును నేను చూశాను. చంపిన ఎలుకను పాము తినదన్న భయం వద్దు. బాల్ పైథాన్ పెదవుల అంచున వరుసగా చిన్న గుంటలుంటాయి చూడండి, వేడిని పసిగట్టేవి అవే. గడ్డకట్టినదాన్ని రాత్రంతా చల్లని చోట కరగనిచ్చి, కవరులో మూసి గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. చేతికి ఒంటి వేడికన్నా ఒక పిసరు ఎక్కువ తగిలేదాకా, అంటే 38, 40 డిగ్రీలకు రానివ్వండి. తుడిచి, పొడవాటి పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని, దీపం తగ్గించి, సాయంత్రం వేళ దాని ముందు మెల్లగా కదిలించండి. మొదటిసారి కాదంటే పది రోజులు ఆగి మళ్ళీ. అన్నిటికన్నా చల్లగా ఉండే ముక్కును కాస్త ఎక్కువ వెచ్చబెడితే చాలా పాములు ఒప్పుకుంటాయి. మైక్రోవేవ్‌లో పెడితే లోపల ఉడికి పగులుతుంది. ఆ అనుభవం ఒక్కసారి చాలు ఎవరికైనా.

పిల్లల గుంపు, వీడియో ఈ రోజుతో ఆపండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కేవలం వినోదం కోసం ఒక జంతువును బంధించి మరో జంతువుకు ఎరగా పెట్టడం నేరం. మీ ఉద్దేశం పాముకు తిండి పెట్టడమే కావచ్చు. కానీ కిటికీ దగ్గర ఈలలు వినిపించే వీడియో చూసినవారికి అది ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. నమోదు అయిందన్నారు, మంచిది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణ తరువాత, 2024 నియమాల ప్రకారం, వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ జాబితాలో ఉన్న ఇలాంటి విదేశీ జీవులను కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇది చదివి ముచ్చటపడే కుర్రవాళ్ళకు ఒక మాట: మన కొండచిలువ అదే చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు. దాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి ఏ నమోదూ పనికిరాదు.

ఇంటి బోనులో పడ్డ ఎలుకను, పొలంలో పట్టిన పందికొక్కును పాముకు వేసి ఖర్చు తగ్గించుకోవచ్చు కదా అనిపించే రోజు వస్తుంది. వద్దు. పక్కింట్లో పెట్టిన జింక్ ఫాస్ఫైడ్ దాని కడుపులో ఉండవచ్చు. దాని ఉచ్చలో మీ పిల్లకు జ్వరం తెచ్చే లెప్టోస్పైరా అనే క్రిమి ఉండవచ్చు. పెంపుడుదైనా సరే, ఎలుక కరిస్తే సబ్బునీళ్ళతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి. ఆ తరువాత రోజుల్లో జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తే ఎలుక కరిచిన సంగతి తప్పక చెప్పండి.

మీ అమ్మగారి కోపం నాకు తప్పనిపించలేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేత్తోనే వినాయక చవితికి మూషికానికి పసుపు కుంకుమ పెట్టే ఇల్లు మీది. ఆవిడ ఎవరి పక్షం వహించాలి? పైగా ఆవిడ అడిగింది "చంపుతావా" అని కాదు, "పుట్టించి మరీ వేస్తావా" అని. నేను పైన ఇంత పొడుగున వేసిన లెక్కంతా ఆ ఒక్క ప్రశ్నకే. ఆ లెక్క ఆవిడకు చూపించండి, ఏడాదికి నాలుగు ఈతలంటే నాలుగే అని మాట ఇవ్వండి. ఇంకో మాట, ఆవిడ పాలు, పెరుగు పెట్టుకునే ఫ్రిజ్‌లో ఈ ఎలుకలను పెట్టకండి. గడ్డకట్టినంత మాత్రాన సాల్మొనెల్లా అనే క్రిమి చావదు. పాతదైనా చిన్న ఫ్రీజరు విడిగా కొనండి. ఒక్కోదాన్ని ఒక్కో కవరులో తేదీ రాసి ఉంచండి. ఏడాది మొత్తానిదీ కలిపితే రెండు, రెండున్నర కిలోలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ జిల్లా ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు కరిగినవాటిని మళ్ళీ గడ్డకట్టించకండి, లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి. పాము గురించి కంగారు వద్దు. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ నెల రోజులు తినకపోయినా దానికేమీ కాదు. తుపానుకు ఇంట్లో అందరికన్నా నిబ్బరంగా ఉండేది అదే.

ఇక ముత్యం. దాన్ని మళ్ళీ ఈనించకండి, పాము దగ్గరికి తీసుకెళ్ళకండి. పేరు పెట్టినది మీ అమ్మాయి, అది ఆ పిల్ల ఎలుక. పిల్లలకు మాత్రం పేర్లు పెట్టవద్దని ముందే చెప్పండి, ఎందుకో కూడా దాచకుండా చెప్పండి. ఏడేళ్ళ పిల్లకు పాము ఏం తింటుందో ఇప్పటికే తెలుసు, కిటికీ దగ్గర వీధి పిల్లలతో కలిసి చూసే ఉంటుంది. ఐదో రోజున ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మూత తీయండి. చేతులు కడుక్కుని, బోనులోని గడ్డి పిడికెడు తీసుకుని అరచేతులకు రుద్దుకోండి, కొత్త వాసన తల్లికి తగలకుండా. ముత్యానికి ఒక గింజ చూపించి పక్కకు రప్పించి, పిల్లలను లెక్కపెట్టండి. గులాబీ రంగు చర్మం ఇంకా పలుచగానే ఉంటుంది. ఎడమవైపు, పక్కటెముకల కింద తెల్లని మచ్చ ఒకటి లోపలి నుంచి కనబడుతుంది. అది పొట్ట నిండా ఉన్న పాలు. ఏ పిల్లకైనా ఆ తెలుపు కనిపించకపోతే దాన్ని గూడు మధ్యలోకి, మిగతావాటి కిందికి మెల్లగా జరిపి మూత వేసేయండి.